నెలలు నిండిన తల్లులు ఒకరికొకరు తోడు

స్త్రీల కూటములకు అధ్యయన పాఠము

చదువవలసిన భాగములు: లూకా 1:24-25, 39-58, 2:1-7

పాఠము యొక్క ఉద్దేశ్యము: సొంత ఊరికి దూరముగా ఉంటున్న గర్భిణులు చివరి మూడు నెలలలో ఒకరికొకరు ఏ విధముగా తోడుగా ఉండవచ్చునో తెలిసికొనుట, అపాయ సూచనలను గుర్తుపట్టుట, ఇందులో భర్తలకు, అత్తమామలకు, సంఘమునకు ఉన్న పని ఏమిటో గ్రహించుట.

బోధించువారికి సూచన: ఈ పాఠమును రెండు కూటములుగా విభజించండి. 1 నుండి 4 వరకు మొదటి వారము, 5 నుండి 8 వరకు రెండవ వారము. రెండవ వారము భర్తలను కూడా పిలువండి.

1. పాఠ ప్రవేశము

ప్రియ సహోదరీలారా, మొదటి కాన్పుకు కూతురిని పుట్టింటికి తీసికొనివెళ్ళుట మన తెలుగు ఇండ్లలో ఎప్పటినుండో ఉన్న ఆచారము. ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో తండ్రి వచ్చి తీసికొనివెళ్తాడు. అక్కడ అమ్మ ఉంటుంది, పిన్ని ఉంటుంది, వదిన ఉంటుంది, ఎందరికో పురుళ్ళు పోసిన పొరుగింటి ముసలమ్మ ఉంటుంది. కడుపులో బిడ్డ తన్నినా, నడుము లాగినా, చెప్పుకోవడానికి మనిషి ఉంటుంది.

పొట్టకూటికి ఊరు విడిచి వచ్చినవారి సంగతి వేరు. టి. నగర్‌లోను, పశ్చిమ మాంబళములోను, కోడంబాక్కములోను, సైదాపేటలోను ఒక గది, ఒక వంటిల్లు ఉన్న అద్దె ఇండ్లలో మనవారు చాలామంది ఉన్నారు. భర్త ఉదయము పనికి వెళితే రాత్రికి గాని రాడు. అమ్మ ఒంగోలులోనో, నెల్లూరులోనో పొలము పనిలో ఉంటుంది. రెండవ కాన్పు అయితే పెద్దబిడ్డ బడి మానకూడదని పుట్టింటికి వెళ్ళుటకే వీలుండదు. త్యాగరాయనగరు అనే పేరు పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. పక్కనున్న పార్కు పేరు పానగల్ రాజాగారిది. ఇద్దరూ తెలుగువారే. అయినను పురిటి గదిలో నర్సమ్మ మాట్లాడేది తమిళమే గదా!

ఇటువంటి చోట నిండు చూలాలికి సరియైన తోడు ఎవరు? అదే వీధిలో, అదే నెలలలో ఉన్న ఇంకొక నిండు చూలాలు కూడా ఒక తోడే. ఈ పాఠము ఆ సంగతిని గురించినదే.

2. లేఖన భాగములో గమనించవలసిన లెక్క

మరియ ఎలీసబెతును చూడబోయిన సంగతి మనకు బాగుగా తెలిసినదే. అయితే నెలల లెక్కను మనము అంతగా గమనించము. ఎలీసబెతు మొదటి అయిదు నెలలు ఇతరుల కంటబడకుండ ఉన్నది. ఆరవ నెలలో మరియకు వార్త వచ్చింది. మరియ త్వరగా కొండసీమకు బయలుదేరి వెళ్ళి, ఇంచుమించు మూడు నెలలు అక్కడ ఉన్నది. ఆరు, మూడు కలిపితే తొమ్మిది. అనగా మరియ ఉన్న దినములు ఎలీసబెతుకు చివరి మూడు నెలలు.

ఇక్కడ మూడు సంగతులు చూడండి.

మొదటిది, ఒకరు వయసు మీరినవారు, ఇంకొకరు చిన్నపిల్ల. ఒకరికి నెలలు నిండుచున్నవి, ఇంకొకరికి ఇప్పుడే మొదలు. సహాయము ఒకవైపే నడువలేదు. పెద్దామెకు ఇంటిలో మనిషి తోడు దొరికినది. చిన్నామెకు తన ముందున్న మార్గము కండ్లెదుట కనబడినది.

రెండవది, ఎలీసబెతు గొడ్రాలు అనిపించుకొని, జనులలో తలదించుకొని బ్రదికిన స్త్రీ. అటువంటి ఇంటికే మరియ వెళ్ళింది. శకునము చూడలేదు.

మూడవది, ప్రసవమైనప్పుడు ఎలీసబెతు చుట్టూ పొరుగువారు, బంధువులు ఉన్నారు. మరియకు నెలలు నిండినప్పుడో? ఆమె బేత్లెహేములో పరాయి చోట ఉన్నది. ఆ భాగములో భర్త పేరు తప్ప, ప్రక్కన నిలిచిన స్త్రీ ఒక్కతె పేరైనను వ్రాయబడలేదు. ఊరు విడిచి వచ్చిన మనకు ఈ రెండు కాన్పుల మధ్య భేదము వేరుగా వివరించనవసరము లేదు. మన మధ్య ఏ తల్లికిని రెండవ స్థితి రాకుండ చూచుటయే మన పని.

3. ఈ పట్టణము నేర్పిన సంగతులు

కాన్పు సమయములో స్త్రీకి స్త్రీ తోడు అవసరమని ఈ పట్టణమునకు చాలాకాలము క్రిందటే తెలుసు. ఎగ్మూరులోని ప్రసూతి ఆసుపత్రి 1844లో ఆరంభమైనది. అయినను ఘోషాలో ఉన్న స్త్రీలు, కట్టుబాట్లు గల కుటుంబముల స్త్రీలు పురుష వైద్యుల దగ్గరకు వచ్చేవారు కారు. వారికొరకు డాక్టరు మేరీ షార్లీబ్ 1885లో ప్రత్యేకముగా ఒక ఆసుపత్రిని ఆరంభించినది. అదే నేడు ట్రిప్లికేనులో ఉన్న కస్తూరిబా గాంధీ ఆసుపత్రి. ఇప్పటికిని పెద్దవారు దానిని గోషా ఆసుపత్రి అనే అంటారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభ కూడా 1937లో ఈ మద్రాసులోనే పుట్టినది.

2004లో తమిళనాడు ప్రభుత్వము ఒక మంచి ఏర్పాటు చేసినది. ప్రభుత్వ ఆసుపత్రులలో నొప్పులు పడుచున్న స్త్రీ ప్రక్కన ఆమెకు ఇష్టమైన ఒక స్త్రీని ఉండనిచ్చుటయే ఆ ఏర్పాటు. అంతకు ముందు చాలాచోట్ల తల్లినైనను తలుపు బయటనే నిలిపేవారు. అంతేగాక, మనము సీమంతము అనేదానిని తమిళులు వళైకాప్పు అంటారు. ఆ గాజుల వేడుకను ఆరోగ్య కేంద్రములలో గర్భిణులందరికి కలిపి జరిపించుట కూడా ఇక్కడ అలవాటైనది. పేద ఇంటి పిల్లకును గాజులు దొరుకును; ఆ నెలలలోనే ఉన్న ఇతర స్త్రీల పరిచయము కలుగును; నర్సమ్మ చెప్పే మాటలు అందరూ కలిసి విందురు. మన సంఘములు ఆలోచించదగిన పద్ధతి ఇది.

4. తోడు వలన మేలు కలుగునా?

కొందరు పెద్దవారు, “మేము కనలేదా? ఈ కూటములు, ఈ మాటలు ఎందుకు?” అంటారు. అది న్యాయమైన ప్రశ్నే. జవాబు చూద్దాము.

నేపాలులోని మక్వాన్‌పూరు జిల్లాలో పల్లెటూరి స్త్రీలు నెలకొకసారి కూడుకొని, కాన్పు కష్టములను గురించి మాట్లాడుకొని, తామే ఉపాయములు ఏర్పరచుకొన్నారు. అటువంటి కూటములున్న గ్రామములలో నెలలోపు శిశువుల మరణములు, కూటములు లేని గ్రామములకంటె దాదాపు నూటికి 30 వంతులు తగ్గినట్లు 2004లో ప్రకటించారు. మన దేశములో జార్ఖండు, ఒరిస్సా గిరిజన గ్రామములలో చేసిన ఇటువంటి పని ఫలితము 2010లో వచ్చినది. అక్కడ కూడా తగ్గుదల దాదాపు 32 వంతులు. ఆ కూటములలో గర్భిణులే కాదు, ఇతర స్త్రీలు కూడా ఉండేవారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి స్త్రీల కూటములను సిఫారసు చేసినది.

అమెరికాలో 1993లో షారన్ రైజింగ్ అనే మంత్రసాని నర్సు వేరొక పద్ధతి మొదలుపెట్టినది. ఇంచుమించు ఒకే నెలలో కాన్పు రావలసిన స్త్రీలను పదిమంది వరకు ఒకచోట కూర్చుండబెట్టి, పరీక్షలు, పాఠము, మాటామంతీ అన్నీ కలిపి జరిపించుట ఆ పద్ధతి. ఇక నొప్పుల సమయములో విడువకుండ తోడున్న మనిషిని గురించి 26 పరిశోధనలను, అందులో 15 వేలకు పైగా స్త్రీలను, 2017లో కలిపి పరిశీలించారు. తోడున్నవారికి నొప్పుల కాలము కొంత తగ్గినది, మామూలు కాన్పులు ఎక్కువైనవి, ఆపరేషన్లు తగ్గినవి.

గనుక తోడు మంచి మాటతో ఆగిపోవునది కాదు. అది ప్రాణమును కాపాడగల పని. అయితే డాక్టరుకు, నర్సమ్మకు బదులుగా కాదు. వారి దగ్గరకు సకాలములో చేర్చుటకు.

5. మూడు ఆలస్యములు

తల్లులు ఎందుకు చనిపోవుచున్నారు అని పరిశీలించిన థాడియస్, మెయిన్ అనే ఇద్దరు స్త్రీలు 1994లో మూడు ఆలస్యములను చూపించారు. ఈ మూడింటిని నల్లబల్ల మీద వ్రాసి వివరించండి.

మొదటి ఆలస్యము: ఇంటిలో. “వెళ్ళాలా, వద్దా” అని తేల్చుకొనుటలో ఆలస్యము. ఒక ఉదాహరణ అనుకొందాము. ఎనిమిదవ నెల గల ఒక సహోదరికి సాయంత్రమునుండి తలనొప్పి, కండ్ల ముందు మెరుపులు. ఆయన ఇంకా రాలేదు. అత్తమ్మకు ఫోను చేస్తే, “వేడి చేసిందిలే, మజ్జిగ త్రాగి పడుకో” అన్నది. ఆమె పడుకొన్నది. అది రక్తపోటు పెరిగిన గుర్తు. తెల్లవారేలోగా ఫిట్లు రావచ్చును. అదే ప్రక్క ఇంటిలో ఇంకొక గర్భిణి ఉండి, ఇద్దరూ ఈ పాఠము నేర్చుకొని యుంటే? “వదినా, ఇది మజ్జిగతో పోయేది కాదు, లేవండి” అని చెప్పును. ఒంటరిగా ఉన్నవారికి ధైర్యము చాలదు. ఇద్దరైతే నిర్ణయము త్వరగా జరుగును.

రెండవ ఆలస్యము: దారిలో. 108 నంబరు బండి ఆంధ్రలో 2005లో, తమిళనాడులో 2008లో మొదలైనది. ఆ నంబరు అందరికి తెలుసు. అయితే పండుగ రోజులలో రంగనాథన్ వీధి, ఉస్మాన్ రోడ్డు జనముతో నిండినప్పుడు బండి ఏ దారిన వస్తుంది? మన సందులోనికి వస్తుందా, మొదట్లోనే ఆగుతుందా? రాత్రివేళ పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు ఎవరి దగ్గర ఉన్నది? ఇవి ముందుగానే తేల్చుకొనవలెను.

మూడవ ఆలస్యము: ఆసుపత్రిలో. వెళ్ళిన తరువాత కాగితములు దొరకక, రక్తపు గ్రూపు తెలియక, భాష రాక జరిగే ఆలస్యము. తమిళనాడులో గర్భిణి పేరు నమోదు చేసి ఇచ్చే నంబరును పిక్మి నంబరు అంటారు. 2017 నుండి బిడ్డ జనన ధృవపత్రమునకు కూడా ఇది అవసరమైనది. దగ్గరలోని కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రములో నర్సమ్మను అడిగి, తొలి నెలలలోనే వ్రాయించుకోండి. తొమ్మిదవ నెలలో పుట్టింటికి వెళ్ళేవారు స్కానింగు చీటీలు, రక్తపరీక్షలు, కార్డు అన్నీ ఒక సంచిలో పెట్టుకొని వెళ్ళవలెను. అక్కడి డాక్టరుకు మీ సంగతి ఆ కాగితములే చెప్పును.

జతగా ఉన్న ఇద్దరు చేయదగిన పనులు:

(అ) పరీక్షకు కలిసి వెళ్ళుట. డాక్టరు చెప్పినది ఒకరు మరచితే ఇంకొకరు జ్ఞాపకము చేయుదురు.
(ఆ) ఒకరి సంచి ఎక్కడున్నదో, రక్తపు గ్రూపు ఏదో, భర్త పనిచేసే చోటు ఫోను నంబరు ఏదో ఇంకొకరు వ్రాసికొనుట.
(ఇ) రోజుకు రెండుసార్లు పలుకరించుట. “బిడ్డ కదులుచున్నదా?” అన్నది మొదటి ప్రశ్న కావలెను.
(ఈ) చల్లని వేళ కలిసి నడచుట, కలిసి తినుట. “ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమగును” అని అన్నము తగ్గించుకొనే అలవాటు మనలో ఇంకా ఉన్నది. అది తప్పు. బలము లేని తల్లికే కాన్పు కష్టము. ఇనుము మాత్రలు కాఫీ, టీలతో వేసికొనకూడదని ఒకరికొకరు గుర్తుచేసికొనండి.
(ఉ) చివరి నెలలలో వెల్లకిల పడుకొనక ప్రక్కకు తిరిగి పడుకొనుట మంచిదని చెప్పుకొనుట.
(ఊ) ఒకరు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పెద్దబిడ్డను ఎవరు చూచెదరో ముందే నిర్ణయించుట.

ఒక హెచ్చరిక. నిండు చూలాలు ఇంకొక నిండు చూలాలి నీళ్ళ బిందెలు మోయుటకు కాదు మనము జతచేయుచున్నది. లారీ నీళ్ళు మూడవ అంతస్తుకు మోయుట, గ్యాసు బండ జరుపుట, బియ్యపు మూట తెచ్చుట పురుషుల పని. ఆ భారము సంఘములోని అన్నదమ్ములు పంచుకొనవలెను.

6. అపాయ సూచనలు, వాటిని చెప్పు మాటలు

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనబడినను ఉదయము వరకు ఆగకూడదు. భర్త వచ్చేవరకు కూడా ఆగకూడదు.

1. ఎంత కొంచెమైనను రక్తము కనబడుట.
2. నొప్పులు లేకుండ ఉమ్మనీరు పోవుట.
3. తగ్గని తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము, చేతులు వాచుట, పైకడుపులో నొప్పి.
4. ఫిట్లు, స్పృహ తప్పుట.
5. బిడ్డ కదలికలు రోజూ ఉండే తీరుకంటె తగ్గుట, లేక ఆగుట.
6. జ్వరము, ఆయాసము.
7. 37 వారములు నిండకముందే క్రమముగా నొప్పులు వచ్చుట.
8. కాన్పు తరువాత రక్తము ఆగకుండ పోవుట.

రక్తపోటు 140/90 గాని అంతకంటె ఎక్కువ గాని ఉన్నట్లు చీటీలో వ్రాసియుంటే దానిని చిన్నదిగా ఎంచవద్దు.

భాష రానివారు ఈ తమిళ మాటలను నేర్చుకొని, ఒకరికొకరు అప్పగించుకోండి. నొప్పిగా ఉన్నది అనుటకు “వలిక్కిదు”. రక్తము పోవుచున్నది అనుటకు “రత్తం పోగుదు”. ఉమ్మనీటి సంచి పగిలినది అనుటకు “పనిక్కుడం ఉడైంజిడుచ్చు”. తల తిరుగుచున్నది అనుటకు “తలై సుత్తుదు”. బిడ్డ కదలుట లేదు అనుటకు “కుళందై అసైయలె”. ఈ అయిదు మాటలు వచ్చిన స్త్రీ ఏ వార్డులోనైనను నోరులేనిది కాదు.

7. పనికి వెళ్ళే సహోదరీలు

బట్టల దుకాణములలో, నగల దుకాణములలో పొద్దంతా నిలుచుండి పనిచేసే సహోదరీలు మనలో ఉన్నారు. 2021లో తమిళనాడు ప్రభుత్వము చట్టమును సవరించి, దుకాణములలో పనివారికి కూర్చుండుటకు ఆసనములు ఉండవలెనని ఆజ్ఞాపించినది. ప్రసవ సెలవును 2017లో 12 వారములనుండి 26 వారములకు పెంచారు. అందులో 8 వారముల వరకు కాన్పుకు ముందే తీసికొనవచ్చును. ఇది మొదటి ఇద్దరు బిడ్డలకు. పదిమందికి తక్కువ కాకుండ పనివారున్న దుకాణములకు, కాన్పుకు ముందటి 12 నెలలలో కనీసము 80 దినములు పనిచేసిన స్త్రీకి ఇది వర్తించును. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కూడా ఈ హక్కు అట్లే ఉన్నది. గర్భము కారణముగా పనినుండి తీసివేయుట నేరము.

ఒక్కరు వెళ్ళి యజమానిని అడుగుటకు భయపడుదురు. ఇద్దరు కలిసి, మర్యాదగా, వ్రాతమూలముగా అడిగితే మాటకు బరువుండును. ఇది కూడా ఒకరికొకరు చేయు సహాయమే.

8. చేయకూడని పనులు; ఒకరి ఒడి ఖాళీ అయినప్పుడు

కడుపులు పోల్చి, “నీది చిన్నగా ఉందేమిటి?” అనకూడదు. మగబిడ్డా, ఆడబిడ్డా అని ఊహలు చెప్పకూడదు. ఒకరికి వ్రాసిన మందు ఇంకొకరు వేసికొనకూడదు. చచ్చి బ్రదికిన కాన్పుల కథలు చెప్పి చిన్నవారిని బెదిరింపకూడదు. ఆపరేషను అయినదని ఎవరినీ తక్కువచేయకూడదు. ఒకరింటి భార్యాభర్తల మాట ఇంకొక ఇంటికి మోయకూడదు.

ఇక చివరి సంగతి బరువైనది. నలుగురు కలిసి నడచుచుండగా ఒకరి బిడ్డ పుట్టకముందే, లేక పుట్టిన వెంటనే చనిపోవచ్చును. అప్పుడు మిగిలిన ముగ్గురు ఏమి చేయుదురు? సాధారణముగా తప్పించుకొని తిరుగుదురు. “మా కడుపు చూస్తే ఆమెకు బాధ” అని పైకి అందురు. లోపల శకునభయము కూడా ఉండును. సీమంతమునకు ఆమెను పిలువరు. నిన్నటివరకు రోజుకు రెండుసార్లు పలుకరించినవారు ఈ రోజు వీధి మార్చి వెళ్ళుదురు. బిడ్డ పోయిన దుఃఖము చాలదన్నట్లు, స్నేహితులు కూడా పోవుదురు.

అట్లు చేయకండి. వెళ్ళి కూర్చుండండి. బిడ్డకు పేరు పెట్టియుంటే ఆ పేరు పలుకండి. “దేవుని చిత్తము, మళ్ళీ కడుపు పండుతుందిలే” అని తొందరపడి ముగించవద్దు. ఆమె కూడా బాలింతే; పాలు పడుట, రక్తస్రావము, నీరసము ఆమెకును ఉండును. పథ్యపు అన్నము ఆమెకును పంపండి. మీ బిడ్డను చూడవలెనో వద్దో ఆమెనే అడగండి. రమ్మని బలవంతము చేయవద్దు, రావద్దని ఊహించుకొనవద్దు.

బిడ్డ క్షేమముగా పుట్టిన తల్లి కూడా వారములు గడచినను ఏడ్చుచు, నిద్ర లేక, బిడ్డను చూడ మనసొప్పక యుంటే అది పొగరు కాదు, అవిశ్వాసము కాదు. వైద్యము గల జబ్బు. 14416 అనే ఉచిత నంబరును ప్రభుత్వము 2022లో ఆరంభించినది. డాక్టరు దగ్గరకు తోడుగా వెళ్ళేది మరల మీరే.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన కూటములో ఇప్పుడు ఆరు నెలలు దాటిన సహోదరీలు ఎందరు? వారిలో ఒకే వీధివారు ఎవరు?
2. ఎలీసబెతు దగ్గర మరియ నేర్చుకొన్నది ఏమై యుండవచ్చును? మరియ వలన ఎలీసబెతుకు కలిగిన మేలు ఏమిటి?
3. మూడు ఆలస్యములలో మన వీధిలో ఎక్కువగా జరిగేది ఏది? ఎందుకు?
4. బిడ్డను పోగొట్టుకొన్న సహోదరిని మన సంఘము ఎట్లు చూచుచున్నది?

ఇంటిపని

ప్రతి గర్భిణి ఒక తెల్లకాగితము మీద తన పేరు, రక్తపు గ్రూపు, కాన్పు తేదీ, పిక్మి నంబరు, ఆసుపత్రి, భర్త ఫోను, ఆటో అతని ఫోను, పెద్దబిడ్డను చూచువారి పేరు వ్రాసి రెండు ప్రతులు చేయవలెను. ఒకటి తన తలుపు వెనుక అంటించవలెను. రెండవది తన జత సహోదరికి ఇవ్వవలెను. భర్తలు ఆసుపత్రికి వెళ్ళు దారిని ఒకసారి రాత్రివేళ నడచి చూచి రావలెను. వచ్చే కూటములో బోధకులు పేరుపేరున అడిగి తెలిసికొనవలెను.